రోడ్డు మీద పిల్లలు, సైకిల్ మీద మనం

(హన్మకొండలో ఒక ఆదివారం జరిగిన సైకిల్ మిత్రుల సమావేశంలో ప్రభుత్వ హైస్కూలు సైన్స్ టీచరు ఒకరు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసెయ్యలేదు.)

అందరికీ నమస్కారం. పొద్దున్నే లేచి, రైడ్ చేసి, ఇడ్లీ వడ తిని, ఇప్పుడు ఫ్యాన్ల కింద కూర్చున్నారు. కళ్ళు మూతలు పడతాయని నాకు తెలుసు. బడిలో మధ్యాహ్న భోజనం తర్వాత మొదటి పీరియడ్ నాదే. ఆవలింతలు నాకేం కొత్త కాదు. పడుకునేవాళ్ళు పడుకోండి, గురక మాత్రం పెట్టకండి.

పోయిన నెల మన గ్రూపులో ఒక వీడియో తిరిగింది, గుర్తుందా? హెల్మెట్ కెమెరాతో తీసింది. కల్వర్టు మీద నలుగురైదుగురు పిల్లలు కూర్చుని ఉంటారు. ఒకడు చెయ్యి ఎత్తుతాడు. చిన్న రాయి ఒకటి రోడ్డు మీద పడి దొర్లుతుంది. అంతే, వీడియో అయిపోయింది. దాని కింద మెసేజ్‌లు చూడాలి! ‘ఆపి రెండు తగిలించాల్సింది’, ‘ఈ ఊరు రూట్‌లోంచి తీసేద్దాం’, ‘తల్లిదండ్రులకు బుద్ధి లేదు’. నేనూ చూశాను. రాయి విసరడం తప్పే, దాన్ని నేను వెనకేసుకు రావడం లేదు. కానీ ఆ వీడియో కింది మూలన ఒక అంకె కనబడుతోంది. ఎవరైనా చూశారా? స్పీడు. 34. ఊరి మధ్యలో, బడి దాటిన వంద గజాల్లో, గంటకు 34 కిలోమీటర్లు.

అదుగో, ఇప్పుడు నవ్వుతున్నారు. వీడియో ఎవరిదో అడగను లెండి.

నేను చెప్పదలుచుకున్నది ఇదే. హైవే మీద మన పక్కనుంచి లారీ దూసుకుపోతే మనమేమంటాం? ‘వాడికి రోడ్డు మొత్తం కావాలి, మనం మనుషుల్లా కనబడం’ అంటాం. మరి ఆ ఊరి రోడ్డు మీద పిల్లలకు మనం ఎలా కనబడుతున్నాం? మూతికి గుడ్డ, కళ్ళకు నల్లద్దాలు, నెత్తిన హెల్మెట్. మొహం లేదు, మాట లేదు, సర్రుమని పోతాం. అక్కడ లారీ మనమే. పెద్దవాళ్ళం మనమే, వేగంగా వచ్చేదీ మనమే. కాబట్టి ముందు పలకరించాల్సిందీ మనమే. మిగతా టైమంతా నేను దీన్నే తిప్పి తిప్పి చెబుతాను, విసుక్కోకండి.

ముందు కొంచెం లెక్క. సైన్స్ టీచర్ని పిలిస్తే లెక్క తప్పదు. గంటకు 34 కిలోమీటర్లంటే సెకనుకు తొమ్మిదిన్నర మీటర్లు. పిల్లాడు రోడ్డు మీదికి ఉరికాడు. మీరు చూసి, మెదడు చెప్పి, వేళ్ళు బ్రేకు నొక్కేసరికి ఒక సెకను పోతుంది. అంటే బ్రేకు పడకముందే తొమ్మిదిన్నర మీటర్లు వెళ్ళిపోయారు. మంచి బ్రేకులు, పొడి రోడ్డు అనుకున్నా, ఆగడానికి ఇంకో తొమ్మిది మీటర్లు. మొత్తం 18 మీటర్ల పైనే. అదే 18 కిలోమీటర్ల స్పీడులో ఉన్నారనుకోండి, ఏడు ఏడున్నర మీటర్లలో ఆగిపోతారు. స్పీడు సగానికి తగ్గితే దూరం సగం కాదు, సగానికన్నా బాగా తగ్గింది, గమనించారా? మా తొమ్మిదో తరగతి పిల్లలు ఈ లెక్క పరీక్షలో చేస్తారు. మనం రోడ్డు మీద చెయ్యం.

ఇంకో సంగతి. లండన్ విశ్వవిద్యాలయంలో భాగమైన రాయల్ హాలోవే కాలేజీ వాళ్ళు ప్రైమరీ బడి వయసు పిల్లల మీద ఒక పరిశోధన చేసి 2010 ఆ ప్రాంతంలో ఫలితాలు చెప్పారు. ఎదురుగా వచ్చే బండి గంటకు ఇరవై మైళ్ళు, అంటే దాదాపు 32 కిలోమీటర్లు దాటితే, అది దగ్గరకొస్తోందన్న సంగతే ఆ వయసు పిల్లల కళ్ళు సరిగా పట్టుకోలేవని తేలింది. అది అల్లరీ కాదు, నిర్లక్ష్యమూ కాదు. వాళ్ళ చూపు ఇంకా అంత ఎదగలేదు. వాడు మిమ్మల్ని చూస్తాడు, చూసి కూడా ఉరుకుతాడు. ‘నన్ను చూసి కూడా అడ్డమొచ్చాడండీ’ అంటారు కదా మీరు? నిజమే, చూశాడు. కానీ మీరెంత వేగంగా వస్తున్నారో వాడికి అందలేదు.

దానికి తోడు మనకు చప్పుడు లేదు. ఊళ్ళో పిల్లలు చెవులతో రోడ్డు దాటుతారు. ట్రాక్టరైతే ఊరవతల నుంచే వినబడుతుంది. ఆర్టీసీ బస్సు సంగతి సరేసరి. ఆటోలో పాటలు. మనం? ఏమీ వినబడదు. ఇరవై వేలు పెట్టి సైకిల్ కొంటారు, రెండు వందల బెల్లు మాత్రం ఉండదు. ‘బరువు పెరుగుతుంది మేడం’ అంటారు. ఆ బరువు పొట్టలో తగ్గించుకోవచ్చు కదా! ఇక్కడ ఎంతమంది సైకిల్‌కు బెల్లు ఉంది? చేతులెత్తండి... సరే, నేను లెక్క చెప్పను, సిగ్గుపడతారు.

బెల్లు వల్ల ఇంకో లాభం ఉంది. పిల్లలకు బెల్లంటే ఇష్టం. యాభై మీటర్ల దూరం నుంచే రెండుసార్లు ట్రింగ్‌మనిపిస్తే తలలు తిప్పుతారు, నవ్వుతారు. అప్పుడే మీకు మొహం వస్తుంది.

ఇక ఊళ్ళోకి వెళ్దాం. మనం ఎక్కువగా తిరిగేది ములుగు రోడ్డు, పరకాల రోడ్డు, పాకాల వైపు. రామప్పకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక ఆదివారాల్లో ఆ దారిలో సైకిళ్ళు ఎక్కువయ్యాయి. జంగాలపల్లి క్రాస్ దగ్గర హైవే వదిలి పాలంపేట వైపు తిరిగాక చూడండి, రోడ్డు చిన్నది, ఇళ్ళు రోడ్డును ఆనుకునే ఉంటాయి. వాకిలే ఆట స్థలం, రోడ్డే ఆట స్థలం. అక్కడ పిల్లలు మనల్ని అడిగే ప్రశ్నలు మీకందరికీ తెలుసు. ‘అక్కా, గిదెంతకు కొన్నవ్?’ ‘గేర్లెన్ని?’ ‘టైర్లు గింత సన్నగున్నయేంది, గాలి పోయిందా?’ ఒకడైతే నన్ను చాలా జాలిగా చూసి అడిగాడు, ‘పెట్రోల్‌కు పైసల్ లేవా మేడం?’ అని. వాడికేం జవాబు చెబుతాం!

చిన్నపిల్లలు చెయ్యి చాపుతారు, చప్పట్లు కొట్టినట్టు మన చేతికి తగిలించాలని. మనకూ సరదాగానే ఉంటుంది. కానీ ఆలోచించండి. వాడి చెయ్యి అందాలంటే వాడు ఒక అడుగు రోడ్డు మీదికి రావాలి. మీరు ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకోవాలి, ఆ చేతికి ఒక్క బ్రేకే అందుతుంది. పాతిక కిలోమీటర్ల స్పీడులో పెద్దవాళ్ళ అరచెయ్యి ఏడేళ్ళ పిల్లాడి అరచేతికి తగిలితే వాడి భుజం ఏమవుతుంది? పైగా వెనకున్న తమ్ముడు కూడా పోటీగా ముందుకొస్తాడు. చెయ్యి కలపాలనిపిస్తే ఆగి కలపండి. తీరిక లేకపోతే దూరం నుంచి చెయ్యి ఊపండి. రెండింటి మధ్యలో ఇంకోటి లేదు.

ఫ్రాన్స్‌లో జరిగే పారిస్-బ్రెస్ట్-పారిస్ సైకిల్ రైడ్‌కు వెళ్ళొచ్చినవాళ్ళు చెబుతుంటారు. 1200 కిలోమీటర్లు, 90 గంటలు, నాలుగేళ్ళకోసారి. ఆ దారిలో ఫ్రాన్స్ పల్లెల్లో జనం ఇళ్ళ ముందు బల్లలు వేసుకుని నీళ్ళు, కాఫీ పెడతారట, పిల్లలు చేతులు చాపి నిలబడతారట. నిజమే, ముచ్చటైన విషయం. కానీ అక్కడ పిల్లల పక్కన అమ్మానాన్నలు కూడా నిలబడి ఉంటారు. మన దగ్గర అమ్మానాన్నలు ఆ టైముకు పత్తి చేలో ఉంటారు. పిల్లలను చూసుకునేది వాళ్ళకన్నా రెండేళ్ళు పెద్దదైన అక్క. ఆ తేడా మర్చిపోకండి.

చాక్లెట్ల గురించి ఒక్క మాట. పంచకండి. సైకిల్ మీద పోతూ విసరడమైతే అసలే వద్దు. మీరొకసారి విసిరి పోతారు. తర్వాత వచ్చే ప్రతి సైకిల్ వెనకా, ప్రతి కారు వెనకా ఆ పిల్లలు ఉరుకుతారు. రామప్ప దారిలో ఇది మొదలైంది కూడా. ఇంకోటి, ఫొటోలు. పొలం గట్టు మీద చిరిగిన చొక్కా పిల్లాడిని పక్కన నిలబెట్టుకుని సెల్ఫీ, కింద ‘స్వచ్ఛమైన నవ్వులు’ అని క్యాప్షన్. నాకు ఒళ్ళు మండుతుంది. మీ అపార్ట్‌మెంట్ పిల్లల ఫొటో వాళ్ళ అమ్మను అడక్కుండా పెడతారా? పెట్టరు. అంతే.

సరే, కల్వర్టు దగ్గరికి వద్దాం. రాళ్ళ సంగతి. నేను చూసినంతలో విసిరేవాళ్ళు ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ మగపిల్లలు. ఒక్కడే ఉంటే విసరడు. నలుగురుంటే, అందులో ఒకడికి మిగతా ముగ్గురి ముందు నిలబడాలని ఉంటుంది. మీ మీద కోపమేమీ లేదు. కదిలే వస్తువుకు గురి తగులుతుందా లేదా అన్నదే వాడి టెన్షన్. మీరు మనిషన్న సంగతి అప్పటికి వాడికి తట్టదు.

కాబట్టి వాడికి ఆ సంగతి తట్టేలా చెయ్యాలి. ఎలా? నేను చేసేది చెబుతాను. దూరం నుంచే కల్వర్టు మీద గుంపు కనబడగానే తొక్కడం ఆపేస్తాను. కళ్ళద్దాలు పైకి తోస్తాను. దగ్గరికొచ్చి, అందులో పెద్దవాడిలా కనబడేవాడిని అడుగుతాను, ‘తమ్మీ, రామప్పకు గిట్లనేనా?’ అని. నాకు దారి తెలీదా? కళ్ళు మూసుకుని పోతాను. కానీ అడుగుతాను. వాడు లేచి నిలబడతాడు. చెయ్యి చాపి చూపిస్తాడు. పక్కవాడు ‘కాదక్కా, ముందటికి పోయి తిరుగాలె’ అని సరిదిద్దుతాడు. ఇద్దరూ కొట్లాడుకుంటారు. మనం ‘సరే తమ్మీ’ అని బయల్దేరితే చెరువు కట్ట దాకా వెంట ఉరికొచ్చి దారి చూపించినవాళ్ళున్నారు. దారి చెప్పిన చెయ్యి రాయి పట్టుకోదు. క్లాసులో కూడా ఇంతే. బాగా అల్లరి చేసేవాడిని లేపి సుద్దముక్కలు తెమ్మని పంపుతాం. టీచర్లందరికీ తెలిసిన కిటుకు ఇది.

అయినా ఎవడో విసిరాడు. అప్పుడు? వెంటపడకండి. చెయ్యి చేసుకోవడం మాత్రం అసలే వద్దు. ఊరి పిల్లాడిని బయటివాడు కొడితే తర్వాత జరిగేది మీ చేతుల్లో ఉండదు, ఉండకూడదు కూడా. వాడి మొహం వీడియో గ్రూపుల్లో తిప్పకండి. దగ్గర్లో కిరాణా కొట్టుంటే ఆగి, నీళ్ళు కొనుక్కుంటూ కొట్టాయనకు చెప్పండి. సాయంత్రానికల్లా వాడి ఇంటికి కబురు చేరుతుంది. ఊళ్ళో అంతకన్నా మంచి పోలీస్ స్టేషన్ లేదు.

ఇప్పుడు రేసు పెట్టేవాళ్ళు. ఈ పిల్లలంటే నాకు ప్రాణం. పాత ఇరవై రెండు ఇంచుల సైకిల్, సీటు మీద కూర్చుంటే పెడల్ అందదు, కాబట్టి బార్ కిందనుంచి కాలు దూర్చి కైంచీ తొక్కుతాడు. మన పక్కకొచ్చి ‘పెడ్దమా?’ అంటాడు. మనలో చాలామందికి అక్కడ ఛాతీ ఉబ్బుతుంది. పదకొండేళ్ళ పిల్లాడిని కార్బన్ ఫ్రేమ్ సైకిల్ మీద ఓడించి ఏం సాధిస్తాం చెప్పండి?

ఆ పిల్లాడి సైకిల్‌ను ఒకసారి దగ్గరగా చూడండి. గూడెప్పాడ్ దాటాక ఒకబ్బాయి నా పక్కన అలాగే వచ్చాడు. ముందు బ్రేకు కడ్డీ ఉంది, రబ్బర్లు లేవు. వెనక బ్రేకు కడ్డీ ఊడిపోతే ప్లాస్టిక్ వైరుతో కట్టేశారు, అది చప్పుడు చెయ్యడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. మరి ఎలా ఆపుతావురా అన్నాను. చూపించాడు. కుడికాలు పెడల్ మీంచి తీసి, హవాయి చెప్పును వెనక టైరుకు ఆనించి నొక్కాడు. చెప్పు మడమ దగ్గర అరిగి అరిగి, టైరు వెడల్పున గాడి పడింది. అదీ వాడి బ్రేకు. అలాంటివాడు మనతో పందెం వేసుకుంటే రోడ్డు చూడడు, మన మొహమే చూస్తాడు. వెనకనుంచి బస్సు వస్తుంది. లేదంటే వాడి ముందు చక్రం మన వెనక చక్రానికి రాసుకుంటుంది. అలా రాసుకున్నప్పుడు పడేది ఎప్పుడూ వెనకవాడే, ఇది మీకందరికీ తెలుసు. గ్రూప్ రైడ్‌లో ఎంత జాగ్రత్తపడతాం!

అందుకే నా సలహా, ఓడిపోండి. ‘నీ అంత నా వల్ల కాదురా’ అని స్పీడు తగ్గించండి. వాడు ముందుకు పోతాడు, వెనక్కి తిరిగి నవ్వుతాడు, అయిపోతుంది. మరీ వదలకపోతే ఆగి, వాడి పేరు, క్లాసు అడగండి. స్ట్రావా యాప్‌లో రైడ్ టైం పోతుందా? పోనివ్వండి. బ్రెవే, అంటే గడువులోపు పూర్తి చెయ్యాల్సిన దూరం రైడ్‌లు, చేసేవాళ్ళు ‘కటాఫ్ మేడం, కటాఫ్’ అంటారు. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలిస్తారు. అందులో ఒక పిల్లాడికి రెండు నిమిషాలు లేవా?

పండగల రోజుల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. వినాయక చవితికి ముందు వారం పది రోజులు, సాయంత్రం రైడ్ చేసేవాళ్ళు జాగ్రత్త. పిల్లలు రోడ్డుకు అడ్డంగా తాడు పట్టుకుని చందా అడుగుతారు. ఈ చివర ఇద్దరు, ఆ చివర ఇద్దరు. బైకు లైటు వెలుగులో తాడు కనబడుతుంది. మన లైటుకు, అందులోనూ పలచటి నైలాన్ తాడైతే, దగ్గరికొచ్చేదాకా కనబడదు. వాళ్ళు పట్టుకునే ఎత్తు వాళ్ళ ఛాతీ దగ్గర. వంగి తొక్కేవాడికి అది సరిగ్గా మెడ దగ్గరికొస్తుంది. భయపెట్టాలని చెప్పడం లేదు, లెక్క చెబుతున్నాను.

ఆ రోజుల్లో ఊరు కనబడగానే నేను బెల్లు కొట్టుకుంటూ, నడక స్పీడులో వెళ్తాను. జేబులో పది రూపాయల నోట్లు పెట్టుకునే బయల్దేరుతాను. ఒకసారి ఒక ఊళ్ళో ఆపారు. రసీదు పుస్తకం పట్టుకున్నవాడు ఆరో తరగతి ఉంటాడు, చెవి మీద పెన్ను. ‘పేరు?’ అన్నాడు. చెప్పేలోపే రాసేశాడు, ‘సైకిల్ మేడం, రూ. 10’. కార్బన్ పేపర్ కూడా పెట్టాడండీ! డబ్బు చేతికిచ్చి ఒక షరతు పెట్టాను. చీకటి పడ్డాక తాడు వద్దు, టార్చి ఊపండి, ఆగనివాడు ఎలాగూ చందా ఇవ్వడు అన్నాను. వాళ్ళలో వాళ్ళు కాసేపు మాట్లాడుకున్నారు. చివరికి తాడుకు మధ్యలో ఎర్ర తువ్వాలు కట్టడానికి ఒప్పుకున్నారు. అంతవరకే. కమిటీ నిర్ణయం!

సంక్రాంతికి మాంజా. చైనా మాంజా అని పిలిచే నైలాన్ దారాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతా నిషేధించింది. అయినా దొరుకుతోంది. మెడకు ఏదైనా గుడ్డ కట్టుకోండి. తెగిన గాలిపటం వెంట ఉరికే పిల్లాడు ఆకాశం చూస్తాడు, రోడ్డు చూడడు. గాలిపటం ఎటు పడుతోందో మీరు చూస్తే వాడు ఎటు ఉరుకుతాడో తెలుస్తుంది. హోలీ రోజు మాత్రం ఇంట్లో పడుకోండి, దానికి నా దగ్గర వేరే సలహా లేదు.

ఇక పెద్ద పిల్లలు. పద్నాలుగు నుంచి పదిహేడేళ్ళ వాళ్ళు. ఇక్కడ నవ్వులు కొంచెం తగ్గించాలి.

స్కూటీ మీద ముగ్గురు వస్తారు. చెవి దగ్గర హారన్ కొడతారు. వీపు మీద చరుస్తారు, జెర్సీ పట్టి లాగుతారు. మేము రోజూ చూసే పిల్లలే వీళ్ళు. మా తొమ్మిది, పదో తరగతి వాళ్ళు బడికి బైకుల మీద వస్తారు, కానీ గేటు దాకా తేరు. వెనక సందులో ఎవరింటి ముందో పెట్టి నడిచొస్తారు. మేం అడిగితే ‘మామయ్య దింపిండు మేడం’. చట్టం చూస్తే పద్దెనిమిది నిండందే గేర్ బండి నడపకూడదు. పదహారు నిండితే యాభై సీసీ లోపు గేర్లు లేని బండికి మాత్రమే లైసెన్సిస్తారు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 199ఎ అనే సెక్షన్ చేర్చారు. మైనర్ బండి నడిపి నేరం జరిగితే తండ్రికో, బండి యజమానికో మూడేళ్ళ వరకు జైలు, 25 వేల జరిమానా. ఆ పిల్లాడికి పాతికేళ్ళొచ్చేదాకా లైసెన్స్ రాదు. ఇది తల్లిదండ్రుల మీటింగ్‌లో చెబితే సగంమంది నమ్మరు.

వాళ్ళు మిమ్మల్ని చరిచి పోయినప్పుడు వాళ్ళ ప్రేక్షకుడు మీరు కాదు, వెనక సీట్లో కూర్చున్న ఇద్దరు. మీరు తిడితే ఆట ఇంకా రక్తి కడుతుంది. కదులుతున్న సైకిల్ మీంచి ఎవరితోనూ వాదన పెట్టుకోకండి. ఎడమకు ఉండండి, స్పీడు తగ్గించండి, జనం ఉన్నచోట ఆగండి. పెట్రోల్ బంక్, హోటల్, ఏదైనా సరే. బండి నంబరు గుర్తుపెట్టుకుని 112కు చెయ్యండి. రాత్రిపూట రింగు రోడ్డు మీద బైకులతో ఫీట్లు చేసే గుంపు కనబడితే వాళ్ళకు నీతులు చెప్పడానికి ఆగకండి. అక్కడ హీరోయిజం పనికిరాదు.

ఆడవాళ్ళ విషయం వేరు. ఇక్కడున్న అక్కచెల్లెళ్ళకు నేను చెప్పక్కర్లేదు. చరిచే చెయ్యి ఎక్కడ పడుతుందో, అనే మాటలేంటో మాకు తెలుసు. దాన్ని పిల్లల అల్లరి అనకండి. మగ సభ్యులకు చెబుతున్నాను, ఎవరైనా ఫిర్యాదు చేస్తే ‘చిన్నపిల్లలు, వదిలెయ్యి’ అనడం మానండి. ఆడవాళ్ళను వేధించేవాళ్ళను పట్టుకునే పోలీసు బృందాలు, షీ టీమ్స్, 2014 నుంచి ఉన్నాయి, వాటి పని అదే. ఒకసారి నా పక్కన స్కూటీ ఇలాగే స్లో అయింది, వెనకవాడు ఏదో అనబోయి నా మొహం చూశాడు. మా బడి పిల్లాడే. ‘మేడం!’ అని ముందువాడి వీపు వెనక మొహం దాచుకున్నాడు. మర్నాడు స్టాఫ్‌రూమ్‌కు వాడే వచ్చాడు, నేను పిలవలేదు. కానీ రోడ్డు మీద అందరూ వాడి టీచర్లు కారు కదా? తెలియని ఆడమనిషైతే ఆ నోరు ఆగేది కాదు. ఈ సంగతి నన్ను ఇప్పటికీ పీకుతూనే ఉంటుంది. మా క్లాసులో దీని గురించి మాట్లాడటం మొదలుపెట్టింది ఆ తర్వాతే.

సైకిల్ తొక్కే ఆడపిల్లల గురించి చెప్పి ముగిస్తాను. సాయంత్రం నాలుగున్నరకు ఏ హైస్కూల్ దగ్గరైనా చూడండి. ముగ్గురు నలుగురు పక్కపక్కన, కబుర్లు చెప్పుకుంటూ వెళ్తుంటారు. మనవాళ్ళు వెనకనుంచి ‘సైడ్! సైడ్!’ అని అరుస్తూ రాసుకుని పోతారు. ఉలిక్కిపడి హ్యాండిల్ తిప్పితే పక్కన కంకర. అక్కడ చున్నీ చైన్‌లో పడిందంటే ఇక కదల్లేదు, అదిరిపోయి లాగుతుంది, ఇంకా బిగుసుకుంటుంది. ఎప్పుడైనా అలా కనబడితే సైకిల్ వెనక చక్రం లేపి పెడల్ వెనక్కి తిప్పమని చెప్పండి, వచ్చేస్తుంది. దూరంగా నిలబడే చెప్పండి, మీదమీదకు వెళ్ళకండి.

బీహార్‌లో 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్ళకని డబ్బులిచ్చారు. కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు ఆ పథకం మీద అధ్యయనం చేశారు. హైస్కూల్లో చేరే ఆడపిల్లలు 32 శాతం పెరిగారని, మగపిల్లలతో ఉన్న తేడా 40 శాతం తగ్గిందని తేల్చారు. హైస్కూలు దూరంగా ఉన్న ఊళ్ళలోనే ఫలితం ఎక్కువ. ఎందుకు చెబుతున్నానంటే, మీకు అది ఆదివారం సరదా, ఆ పిల్లకు అది పదో తరగతి. ఒక్కసారి రోడ్డు మీద పడి మోకాలు చీరుకుని ఇంటికి పోతే, లేదా ఎవరో వెంటపడ్డారని చెబితే, ఇంట్లో అనే మొదటి మాట ఏంటి? ‘రేపట్నుంచి సైకిల్ వద్దు.’ ఆటోకు డబ్బులుండవు. తర్వాత ఏం జరుగుతుందో నేను అటెండెన్స్ రిజిస్టర్‌లో చూస్తుంటాను.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయిన పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలు 9,500కు పైనే. రోజుకు ఇరవై ఆరుగురు. మనం నెదర్లాండ్స్ సైకిల్ దారుల ఫొటోలు పంచుకుంటాం కదా, ‘అబ్బ, ఎంత బాగున్నాయో’ అని? అవి మనలాంటి స్పీడు రైడర్ల కోసం వచ్చినవి కావు. 1971లో ఆ చిన్న దేశంలో నాలుగు వందలకు పైగా పిల్లలు రోడ్ల మీద చనిపోయారు. కూతుర్ని పోగొట్టుకున్న విక్ లాంగెన్‌హాఫ్ అనే పత్రికా రచయిత ‘పిల్లల హత్యలు ఆపండి’ అని రాశాడు. తల్లిదండ్రులు, పిల్లలు రోడ్ల మీద కూర్చున్నారు. ఆ ఉద్యమంతో, తర్వాత వచ్చిన చమురు కరువుతో, ప్రభుత్వం దారి మార్చుకుంది. ఇవాళ అక్కడ పదకొండు పన్నెండేళ్ళ పిల్లలు బడిలో ట్రాఫిక్ పరీక్ష రాసి, సైకిల్ మీద రోడ్డెక్కి మరీ చూపిస్తారు.

మనం అంత చెయ్యలేం, సరే. ఒక చిన్న పని ఉంది. వచ్చే శనివారం మధ్యాహ్నం మా బడిలో పిల్లల సైకిళ్ళ బ్రేకులు చూస్తున్నాం. హెడ్‌మాస్టరు గారి అనుమతి తీసుకున్నాం. బ్రేకు రబ్బర్లు, బ్రేకు వైర్లు క్లబ్ తరఫున వస్తాయి. పదో నంబరు స్పానర్లు, స్క్రూ డ్రైవర్లు ఎవరివి వాళ్ళు తెచ్చుకోండి, గ్రీజు కూడా. ఊరి సైకిళ్ళకు మన అలెన్ కీలు పనికిరావు, ముందే చెబుతున్నా. కడ్డీ బ్రేకులు బిగించడం చాలామందికి రాదు, బస్టాండ్ దగ్గర పంక్చర్ షాపు పెద్దాయన్ని రమ్మన్నాం, ఆయన నేర్పుతారు. ఆయన చెప్పినట్టు వినండి, యూట్యూబ్‌లో వేరేలా ఉందని ఆయనతో వాదించకండి. మామూలు బట్టల్లో రండి, ఆ బిగుతు షార్ట్స్ వద్దు. ఫొటోలు బడివాళ్ళే తీస్తారు.

పేర్లు తలుపు దగ్గర రాసుకుంటున్నారు. రెండు గంటలకల్లా రావాలి, నాలుగున్నరకు లాంగ్ బెల్. ఇప్పుడు ఎవరైనా ఏమైనా అడుగుతారా? ఆ, వెనక తమ్ముడు... బెల్లు ఎక్కడ దొరుకుతుందనా? చౌరస్తాలో ఏ సైకిల్ షాపులోనైనా దొరుకుతుంది నాయనా.